ఆరు సిలిండర్ల కారు, పద్నాలుగు మగ్గాలు

1981 ఏప్రిల్, అనంతపురం. నేను పనిచేసే వర్క్‌షాపు రేకుల పందిరి కింద ఆ ఉదయం ఉన్నవి ఇవి: బానెట్ తెరిచిన ఆరు సిలిండర్ల విదేశీ కారు ఒకటి, దాని నుంచి విప్పి, పాత పేపరు మీద వరుసగా పేర్చిన స్పార్క్ ప్లగ్గులు ఆరు, వర్క్‌షాపు యజమాని ఖాజా అన్న, కారు యజమాని అయిన ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నారాయణప్ప, ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చి రెండేళ్ళయిన నేను. ప్లగ్గులు ఆరూ మసిపట్టి నల్లగా ఉన్నాయి. రెండు నెలల్లో ఇలా చూడడం మూడోసారి.

ప్లగ్గు రంగు చూసి ఇంజిను ఆరోగ్యం చెప్పవచ్చు. లేత ఇటుక రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పట్టిందంటే గాలికి మించి పెట్రోలు పోతున్నట్టు, లేదా ఇంజిను చాలాసేపు నెమ్మదిగా తిరిగినట్టు. ఈ రెండో కారణం పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటుంది. నేను మొదటిదాన్నే పట్టుకుని రెండు నెలలు పోగొట్టాను.

ఆ కారును నారాయణప్ప బెంగళూరులో వేలంపాటలో కొన్నాడు. రెండు కార్బురేటర్లు. మంచి రోడ్డు దొరికితే గంటకు వంద మైళ్ళు. అయితే ఆయన రోజూ తిరిగేది ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో, గుంతల బాటల మీద. ఆయనకు పద్నాలుగు మగ్గాలు ఉండేవి, నేతగాళ్ళ ఇళ్ళల్లోనే. వాళ్ళకు రంగు అద్దిన పట్టు చేర్చాలి, నేసిన చీరలు తెచ్చుకోవాలి. పట్టు అందని రోజు మగ్గం ఆగుతుంది. కారు దారిలో ఎక్కడో పెట్రోలు అయిపోయి నిలబడేది. మగ్గం ఖాళీగా పెట్టుకుని ఎన్నాళ్ళు చూస్తారు? అప్పటికే ముగ్గురు నేతగాళ్ళు వేరే షావుకార్ల దగ్గరికి పోయారు.

"లీటరుకు ఎంతిస్తాందన్నా?" అని అడిగాను.

"మూడు కూడా ఇయ్యల్యా. ఇంకో రెండు నెలలు ఇట్లే అయితే మగ్గాలు పోతాయి. నేనుంటా, ఈ కారుంటాది. ఇద్దరం మొగాలు చూసుకుంటా కూర్చోవల్ల."

నేను అంతవరకు చేసినవి: కార్బురేటర్లు రెండూ విప్పి కడగడం, పెట్రోలు తక్కువ పోయేలా చిన్న జెట్లు వేయడం, ఫ్లోటు మట్టం సరిచేయడం, టైమింగు, పాయింట్ల గ్యాపు, టాపెట్లు, టైర్లలో గాలి, పట్టుకున్న వెనక బ్రేకు. ఎనిమిది. ఆ తర్వాత సీసా పరీక్ష. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసాలో కొలిచి లీటరు పెట్రోలు పోసి, డ్యాష్‌బోర్డు దగ్గర కట్టి, దాని గొట్టాన్ని ఇంజినుకు కలిపి, ఎక్కడ ఆగిపోతుందో చూడడం. కళ్యాణదుర్గం రోడ్డులో ఆరు కిలోమీటర్లు ఇచ్చింది. అంత పెద్ద ఇంజినుకు అది న్యాయమైన లెక్క. ఆయన సంతోషంగా తీసుకుపోయాడు. పదిహేను రోజులకు మళ్ళీ అవే నల్ల ప్లగ్గులు, అదే మూడు, పైగా రేడియేటరు కాగుతోందని కొత్త ఫిర్యాదు. క్లచ్ ప్లేటు కూడా మాడింది.

నాకు చిరాకు ఆగలేదు. "ఈ బండిని ఏం చేస్తాండావన్నా నువ్వు?"

"ఏం చేస్తానప్పా? పల్లెలకు పోతా, వస్తా. అంతే."

"ఇంజినీరప్పకు కోపమొచ్చినాది," అన్నాడు ఖాజా అన్న. "పుస్తకం తిరగేసుకో, యాడన్నా రాసింటారు."

రేడియేటరు విప్పాను. దాని సన్నని రేకుల సందుల్లో గాలి పోయే దారి లేకుండా ఎండిన బంతిపూల రేకులు, కనకాంబరాలు, జరీ కాగితపు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. బ్రష్షుతో దులిపితే గుప్పెడు రాలాయి. అవి తెచ్చి నారాయణప్ప ముందు పెట్టాను.

"ఇవి పల్లెల్లో పూసినాయా అన్నా?"

ఆయన ఏమాత్రం తడబడలేదు. "ఓ, అవా. పెండ్లి మెరవణివి. చీరలు మన దగ్గర కొన్నోళ్ళు పెండ్లికొడుకుకు కారడుగుతారు. ఈ నెల ఏడు పెండ్లిండ్లు."

"ఏడా? నాకు ఒక్కమాట చెప్పలేదే."

"దాంట్లో చెప్పేదేముండాదప్పా? గుడికాడి నుంచి పెండ్లింటికి మైలు కూడా ల్యా. ముందర బ్యాండోళ్ళు నిలబడి వాయిస్తా ఉంటే బండి కదిల్నట్టే ఉండదు. కదలని బండి పెట్రోలు ఏంటికి తాగుతాది?"

రేడియేటరు, తుడిచిన ప్లగ్గులు తిరిగి బిగించి, సీసా మళ్ళీ కట్టాను. కారు పందిరి కిందే ఉంది, అంగుళం కదలలేదు. ఇంజిను తిప్పి వదిలాను. అరగంటకు లీటరు సీసా ఖాళీ అయింది. నారాయణప్ప పక్కన స్టూలు మీద కూర్చుని అరగంటా చూశాడు.

"సీసాకు బొక్క పడిందేమో చూడప్పా," అన్నాడు చివరికి.

బొక్క లేదని చూపించి, లెక్క కాగితం మీద వేశాను. ఒక్కో మెరవణి నాలుగు గంటల ఊరేగింపు. క్లచ్ సగం నొక్కిపట్టి, ఫస్ట్ గేరులో, గంటకు మూడు లీటర్లకు తక్కువ కాదు. ఒక్కో పెళ్ళికి పన్నెండు లీటర్లు. మీటరు మీద చూపించేది ఒకటిన్నర కిలోమీటరు. ప్లగ్గుల మసి, మాడిన క్లచ్, కాగిన నీళ్ళు, అన్నింటికీ కారణం అదే. చీరలు అమ్ముడయ్యేది పెళ్ళిళ్ళ కాలంలోనే, పట్టు మగ్గాలకు చేరవలసిందీ అప్పుడే, కారు పెళ్ళికొడుకుల కింద ఉండేదీ అప్పుడే.

"ఇయ్యనని చెప్పన్నా."

"మన చీర కట్టి పెండ్లికూతురు పీటల మీద కూర్చోనుంటే, కారు లేదని చెప్పడానికి నోరెట్ల వస్తాదప్పా? పెండ్లికొడుకును నడిపించల్లనా?"

"నడిస్తే తాళి ఆగదులే షావుకారూ," అన్నాడు ఖాజా అన్న.

ఆ మాట ఆయనకు నచ్చలేదు. కానీ కారు అమ్మి, రోజూ తిరగడానికి తక్కువ తాగే బండి కొనడానికి ఒప్పుకున్నాడు. ఏది కొనాలో నన్నే చెప్పమన్నాడు. నేను రెండు రాత్రులు కూర్చుని పట్టిక వేశాను. ఐదు బండ్లు, నాలుగు గడులు: మైలేజీ, మోసే బరువు, అనంతపురంలో స్పేర్లు దొరకడం, తిరిగి అమ్మితే వచ్చే ధర. పాత చిన్న కారు మొదట, తర్వాత జీపు, మూడు చక్రాల బండి, స్కూటరు, చివరన మోపెడ్. మోపెడ్‌ను పట్టిక నిండుగా ఉంటుందని చేర్చాను, అంతే. ఆదివారం ధర్మవరం వెళ్ళి పట్టిక ఆయన చేతికిచ్చాను. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ దాన్ని తీసుకుని చదివింది. మగ్గాలకు పట్టు తూచి కట్టేది ఆమే. ఏ మగ్గం ఎన్ని రోజులు ఆగిందో ఆమెకు తేదీలతో సహా తెలుసు.

"చిన్నదైనా కారు కారే. పూలు తక్కువ పడతాయి, అంతే," అంది. "జీపంటే పెండ్లికొడుకులకు ఇంకా ఇష్టం, నిలబడి చెయ్యి ఊపొచ్చు. మూడు చక్రాలదానికి వెనక కుర్చీ ఏసి కట్టేస్తారు. స్కూటర్ మీద పోయిన నెలే ఒకడు ఊరేగినాడు, చూసినా." కాగితం కిందికి దించి నన్ను చూసింది. "పెండ్లికొడుకు ఎక్కలేని బండి యాదుండాదప్పా దీంట్లో?"

నా నాలుగు గడుల్లో ఆ గడి లేదు. చివరి వరుస మీద వేలు పెట్టాను.

"ఇది పెడల్ తొక్కితే గానీ మిట్ట ఎక్కదక్కా."

"అయితే ఇదే."

"నన్ను దాని మీద కూర్చోబెడతావా?" అన్నాడు నారాయణప్ప. "ఆరు సిలిండర్లు తోలినోన్ని."

"మగ్గాలన్నీ పోయినాక నడుస్తావులే," అంది ఆమె.

చిలమత్తూరులో షామియానాలు అద్దెకిచ్చే ఆయన కారు కొన్నాడు. పెళ్ళిళ్ళకే తిప్పుతాడు, గంటల లెక్కన. ఆ కారుకు అదే సరైన ఉద్యోగం. మోపెడ్ వచ్చాక నారాయణప్ప సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అనేవాడు: నడుము విరిగింది, నోటినిండా దుమ్ము, షావుకారు కుంటిగాడిద ఎక్కినాడని పిల్లోళ్ళు వెంటపడతాండారు. మూటలు ఎక్కువైన రోజు రెండు ట్రిప్పులు పడేవి. లీటరుకు యాభై కిలోమీటర్లకు తగ్గలేదు. ఆ మాట మాత్రం ఆయన ఎప్పుడూ అనలేదు, నేనే కొలిచి చెప్పేవాణ్ణి.

మైలేజీ తక్కువని వచ్చిన బండికి ఇప్పుడు బానెట్ తెరవకముందు రెండు ప్రశ్నలు వేస్తాను. బండి కదలకుండా ఇంజిను రోజుకు ఎంతసేపు ఆడుతుంది? ఈ బండిని మిమ్మల్ని ఎవరెవరు అడుగుతారు? రెండో ప్రశ్నకు చాలామంది నవ్వుతారు, తర్వాత వేళ్ళ మీద లెక్కపెడతారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మోపెడ్ చైను మార్చడానికి వచ్చినప్పుడు నారాయణప్పను మగ్గాల సంగతి అడిగాను. పోయిన ముగ్గురు నేతగాళ్ళలో ఇద్దరు తిరిగి వచ్చారట. మూడో అతను రానన్నాడు. ఆడుతున్న మగ్గాలు పదమూడు.