కింది మడికి నీళ్ళు

మా శివారును ఇండ్ల జాగ కింద మారుస్తున్నారన్న కబురు మొదట మా గడపకు తెచ్చింది, ఇంటింటా పాలు పోయించుకుపోయే మల్లయ్య మామ. ఈ పొద్దున రోడ్డు అవతలి పొలాల్లో జేసీబీ తిరుగుతుంటే, తడిమట్టి వాసనలో డీజిల్ కలిసి మా దేవుని అర్ర దాకా వచ్చింది. అగరుబత్తి వెలిగించినా పోలేదు. ఆ వాసనకు మల్లయ్య మామ మాట యాదికొచ్చింది, ఆ వెంటే కొమురమ్మ పెద్దమ్మ ముఖం. మీలో ఎవరికీ ఆమె తెలియదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా ఊరు దాటితే ఆమెను ఎరిగినవాళ్ళే తక్కువ. కానీ నేను తినే అన్నంలో ఆమె ఉంది, అందుకే రాస్తున్నాను.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా అమ్మ దీపం ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. స్తోత్రాలు చదువుతూ చదువుతూనే నాకు చదువు వచ్చింది. ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికి వరి మడిలో కాలు పెట్టి ఎరుగను. మా పొలానికి ఎగువన కొమురమ్మ పెద్దమ్మ పొలం. ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. చెరువు కాలువ ఆమె మడి దగ్గర ఆగుతుంది. అక్కడ ఆమె ఒడ్డు తెంపితేనే మాకూ, మా కిందివాళ్ళకూ నీళ్ళు. ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. పంట మొదటి తడికి ఎగువవాళ్ళే తమ చేత్తో ఒడ్డు తెంపాలి, కిందివాళ్ళు అడగకూడదు. అడిగితే దానమవుతుందని. నాకేం తెలుసు? మొదటి ఏడు ఆమె ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాను.

“ఏందే పిల్లా, గుళ్ళె నిలవడ్డట్టు నిలవడ్డవ్? నేనేమన్న దేవతనా? చీర ఎగ్గట్టు, పార పట్టు” అన్నది.

పార పట్టడం, నారు పీకడం, బురదలో జారకుండా నడవడం, అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే. తిట్టి నేర్పేది. తిట్టిన రోజు తప్పకుండా కూర గిన్నె పంపేది.

మల్లయ్య మామ కబురు తెచ్చిన తర్వాత ఊరు రెండుగా చీలింది. రోడ్డు పక్క భూములవాళ్ళకు ఆశ, లోపలివాళ్ళకు భయం. హోటల్‌లో చాయ్ తాగేవాళ్ళు కూడా ఎవరి బల్ల మీద వాళ్ళు కూర్చోవడం మొదలుపెట్టారు. కొత్త మ్యాపులో మా వైపంతా ఇండ్లకే చూపించారని, ఎవరేమన్నా చెప్పుకునేది ఉంటే సభలో చెప్పుకోవాలని పంచాయతీవాళ్ళు ఇంటింటికీ నోటీసు పంచారు. పెద్దమ్మ పొలం సరిగ్గా రోడ్డుకు ఆనుకొని ఉంది. ఆమె సరేనంటే అక్కడ ప్లాట్లు చేస్తారు, కాలువ పూడుతుంది, మా మడికి చుక్క రాదు. మాది బోరు పడని నేల. ఆ పొలం తప్ప మాకు వేరే బతుకు లేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, శ్రీను. నేను శ్రీనన్న అంటాను. అప్పట్లో తల్లి దగ్గరే ఉంటూ, రోజూ హనుమకొండ పోయి ఆటో నడిపేవాడు. సభకు ముందు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోబోతే నడుము పట్టేసి, గోడకు చెయ్యి ఆనించి నిలబడే మాట్లాడాడు.

“చెల్లె, అమ్మ నోటీసు నిన్నే చదువుమంటది. చదువు. కని నీ మాట ఒక్కటి గుడ కలుపకు. ఈ నడుముతోని ఇంకెన్ని దినాలు ఆటో నడుపుత? ఆ భూమి అమ్ముడువోతె ఓ కిరాణ దుకాణం పెట్టుకుంట. నీ పొలం ఫికర్ నీకున్నట్టే నా పిల్లల ఫికర్ నాకుండదా?”

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అతను బతిమాలినట్టు అన్నాడు. కలుపనని మాట ఇచ్చాను. ఆ సాయంత్రం పెద్దమ్మకు నోటీసు ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె కాగితాన్ని కాక నా ముఖాన్నే చూస్తూ విన్నది. నువ్వేమంటవని అడిగింది. ఏమీ అననన్నాను. “మావోడు వచ్చి పోయిండా?” అని నవ్వింది.

ఆ రోజుల్లో దీపం ముందు నిలబడితే నాకు మొక్కు నోట రాలేదు. మా నీళ్ళు నిలవాలని మొక్కితే శ్రీనన్న దుకాణం రావద్దని మొక్కినట్టే కదా. అంతా నీకు తెలుసు తండ్రీ అనుకొని లేచి వచ్చేదాన్ని.

సభనాడు పంచాయతీ ముందు షామియానా వేశారు. రోడ్డు పక్క రైతులను ముందు పిలిచారు. కొందరు సరేనన్నారు, కొందరు నసిగారు. పెద్దమ్మ పేరు పిలవగానే శ్రీనన్న లేచి, మా అమ్మ ఒప్పుకున్నది అని చెప్పబోయాడు. ఆమె అతని భుజం ఆసరా పట్టుకొనే లేచి నిలబడింది.

“పొలం నాదే సారూ. కని నా పొలంల పారే నీళ్ళు నాయి కావు. నేను ఊఁ అంటె కిందోళ్ళు ఎండుతరు. నేనొప్పుకోను.”

కిందికి పైపు వేయిస్తామన్నాడు వచ్చిన అధికారి. ఏసినంక పిలువుండ్రి, అప్పుడు మాట్లాడుకుందాం అన్నది. పంట భూమిగానే ఉంటే ధర రాదమ్మా అని ఆయన నచ్చజెప్పబోయాడు. “ఎర్కే సారూ, నా కొడుకు పొద్దుమాపు అదే చెప్తాండు” అన్నది. జనం నవ్వారు. శ్రీనన్న నవ్వలేదు. తన భుజం మీది ఆమె చేతిని మెల్లగా తీసి పక్కకు పెట్టి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. ఆటో స్టార్టయిన చప్పుడు మాకందరికీ వినిపించింది. పట్టుకోవడానికి ఏమీ లేక ఆమె కాసేపు అట్లాగే ఊగుతూ నిలబడింది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

ఆమె తర్వాత, నసిగినవాళ్ళు కూడా వద్దనే చెప్పారు. చివరి మ్యాపులో మా వైపు పంట భూమిగానే మిగిలింది. రేపు ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు. శ్రీనన్న భార్యాపిల్లలతో హనుమకొండలో కిరాయి ఇంటికి పోయాడు. తల్లితో మాట బంద్ చేశాడు. రోడ్డు మీద ఆటో చప్పుడైతే పెద్దమ్మ చేస్తున్న పని ఆపేది, అది దాటిపోయాక మళ్ళీ మొదలుపెట్టేది. మా పొయ్యి మీద అన్నం ఉడికిన ప్రతిపూటా ఆ ఇంట్లో ఆమె ఒక్కతే కూర్చొని తిన్నది.

ఆ వానాకాలం పంట ఇంటికి వచ్చినాక కొత్త బియ్యం తీసుకుపోయి ఆమె కాళ్ళకు మొక్కబోయాను. వెనక్కి జరిగింది.

“నాకెందుకు మొక్కుతవ్ బిడ్డా? నేను ఇడిసిపెట్టింది నాది కాదు, వానిది. మొక్కితే వాని పేరు మీద మొక్కు.”

నిరుడు చలికాలంలో ఆమె పోయింది. శ్రీనన్న వచ్చి కొరివి పెట్టాడు. పొలం కౌలుకిచ్చి, మళ్ళీ ఆటో ఎక్కి పోయాడు.

ఇది చదివినవాళ్ళు కొమురమ్మ పెద్దమ్మను మెచ్చుకుంటారని నాకు తెలుసు. మెప్పు ఆమెకు వద్దు, ఆ మాట నాతోనే అన్నది. మా మడికి నీళ్ళు మిగిలినందుకు ఒక మనిషి ఇంకా ఆ నడుముతోనే హనుమకొండ రోడ్ల మీద ఆటో నడుపుతున్నాడు. ఆయనను ఆశపోతు అనుకోకండి. మీ ఇంట్లో దీపం పెట్టే వేళ శ్రీనన్నను ఒక్కసారి తలుచుకోండి.