ఫ్లెక్సీలో కింది వరస

జగ్గయ్యపేటలో మా మేడమీద గదిలో కూర్చుని, పరిశోధన బృందాలు తమ వెబ్‌సైట్లు తామే కట్టుకునే వేదిక ఒకటి తయారు చేస్తున్నానంటే మా వీధిలో ఎవరికీ మింగుడు పడలేదు. అయితే ఇంట్లో ఖాళీగానే ఉంటున్నావన్నమాట అని పక్కింటి పిన్ని తేల్చేసింది. నిజానికి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక గైడూ, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే పిల్లలూ కలిస్తే బృందం. వాళ్లు తమ పని వివరాలూ ఫొటోలూ నింపితే సైటు సిద్ధమైపోతుంది.

మొట్టమొదటి బృందం నందిగామలో నాకు డిగ్రీ పాఠాలు చెప్పిన సార్‌ది. మిరపతోటల్ని పీల్చేసే తామర పురుగు మీద వాళ్ల పరిశోధన. ఆయన దగ్గర పెనుగంచిప్రోలు అమ్మాయి ఒకతి పీహెచ్‌డీ చివరికొచ్చింది. హైదరాబాదులో ఒక సంస్థ ఆమెను ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచి, ముందుగా మీ బృందం సైటు లింకు పంపమంది. సైటే లేదు. ఇంటర్వ్యూ సోమవారం. అలా ఆ పిల్ల ఉద్యోగంలో కొంత భారం నా నెత్తిన పడింది.

సార్ వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. పురుగు ఫొటో ఒక్కటీ లేదు. కాలేజీ కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, ఊళ్లో పెద్దమనుషులు, ఎవరిది ఎంత పెద్దగా ఉండాలో కొలతలతో సహా. నందిగామ సెంటర్లో పుట్టినరోజు ఫ్లెక్సీలు చూసినవాళ్లకి ఆ పద్ధతి కొత్త కాదు. పైన పెద్ద తలకాయలు, మధ్యలో అసలు మనిషి, కింది వరసలో స్టాంపుల్లాంటి ఫొటోల్లో అనుచరులు. నాకసలే ముక్కుమీద కోపం. సగం కూడా చూడకుండానే ఫోన్ చేసి, ఇది సైటు సార్, ఫ్లెక్సీ కాదు అన్నాను.

"ఫ్లెక్సీలో లేనివాడు ఊళ్లో లేనట్టేనమ్మా" అన్నారాయన నిదానంగా.

ఆయనతో వాదించే బదులు వేదికకే ఒక రూలు పెట్టాను. పరిశోధన పేపరు అచ్చయినవాళ్ల ఫొటోలే మొదటి పేజీలో ఉంటాయి. పెద్దమనుషులందరూ ఒక్క దెబ్బకి ఎగిరిపోయారు. నా తెలివికి నేనే మురిసిపోయి శనివారం వాళ్లకి చూడ్డానికి లింకు పంపాను.

కాసేపటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. సైటు చాలా బాగుందంది. ఇంకేదో చెప్పలేక నసిగింది.

"మరి నేను లేను కదక్కా. నా పేపరింకా అచ్చవలా. ఫ్లెక్సీలో అయితే కింది వరసలోనైనా ఉండేదాన్ని."

చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు. ఎవరి కోసం సైటు కట్టానో ఆ మనిషినే గెంటేశాను. ఆదివారం పొద్దున్నే నందిగామ వెళ్లి సార్ ఎదురుగా కూర్చుని ఫొటోలన్నీ చివరిదాకా చూశాను. అడుగున స్టాంపు సైజు ఫొటోల్లో అమ్మాయి ఉంది. ఆమె పక్క ఫొటోలో, భుజం మీద తువ్వాలుతో ఒక రైతు.

"పిల్ల వాళ్ల నాన్నమ్మా" అన్నారు సార్. "ప్రయోగానికి మందు కొట్టకుండా కొన్ని సాళ్లు ఒదలాలి. చేతికొచ్చే మిరపని ఎవరొదులుతారు? ఈయన ఒదిలాడు. అవన్నీ పురుగుకే పోయినై."

ఆ తరవాత నేను గొడవ పడలేదు, అచ్చయిన పేపరు రూలూ తీసేశాను. పెద్దమనుషులకి వేరే పేజీ ఇచ్చాను, కరస్పాండెంట్ గారిని సార్ కోరినంతా పెంచాను. మొదటి పేజీలో పురుగు, పరిశోధన, వాటి కింద అందరివీ ఒకే సైజులో ఆ కింది వరస, అమ్మాయీ వాళ్ల నాన్నా సహా. సాయంత్రానికి సైటు తెరిచాం.

సోమవారం అమ్మాయి తిరుగు బస్సు గరికపాడు చెక్‌పోస్టు దాటాక ఫోన్ చేసింది. ఇంటర్వ్యూలో మొదట అడిగింది ఆమె గురించి కాదట. మందు కొట్టని సాళ్లు మీకెవరిచ్చారు, ఈ తువ్వాలు ఆయనెవరు అన్నారట. మా నాన్నండీ అని చెప్పిందట. అక్కణ్ణించి మాటంతా చేను గురించే నడిచిందట.

కొద్దిరోజులకి ఉద్యోగం వచ్చింది. నాకు నేలమీద కాలు నిలవలేదు. ఆ కబురు చెప్పడానికి వాళ్ల నాన్నే ఫోన్ చేశాడు. చెప్పేశాక కూడా ఫోను పెట్టలేదు.

"నా ఫొటో తీసేసినా ఏం కాదమ్మా. ఆ చోటు కలిపి పిల్లది కాస్త పెద్దది చేస్తారా?"

ఆ వరసలో అందరివీ ఒకటే సైజని, అది వేదిక రూలని చెప్పబోయి ఆగాను. ఇద్దరివీ పెద్దవి చేశాను.