పాతర జొన్నలు, కాలువ నీళ్ళు

పోయిన వారం మా మనవడి భార్య నాకోసమని ఒక జొన్నపిండి ప్యాకెట్టు తెచ్చింది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు అన్నం తగ్గించి జొన్నరొట్టె తినాలని డాక్టరు చెప్పాడట. కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూస్తే, ఆ పిండి షోలాపూరు నుంచి వచ్చిందని రాసి ఉంది. ఆదోనిలో, నల్లరేగడి నేల మీద ఇల్లు కట్టుకుని కూర్చున్న ముసలిదానికి జొన్నపిండి షోలాపూరు నుంచి రావాలా అని ముందు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని ఆ పిల్ల అడిగింది గానీ, ఏమని చెప్పేది? ఆ కథ తెలియాలంటే పొద్దున లేవగానే ఇంటింటా రొట్టె తట్టే చప్పుడు విన్నవాళ్ళై ఉండాలి. అటువంటి చెవులున్నవాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉంటారన్న ఆశతో మీకు చెబుతున్నాను.

మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, బాట వదిలి కొంచెం లోపలికి పోతే వచ్చే ఊరు. చుట్టూ నల్లరేగడి, అందులో తెల్లజొన్న. కంకి దశలో చేలో దిగితే ఎంత పొడుగు మనిషైనా కనబడేవాడు కాదు. మూడు పూటలా జొన్నే తినేవాళ్ళం. పొద్దున రొట్టె, మధ్యాహ్నం సంకటి, రాత్రి మళ్ళీ రొట్టె. వరన్నం పండగనాడో, చుట్టం వచ్చిననాడో, మనిషి మంచం పట్టిననాడో వండేవారు. అందుకే మా ఈడు పిల్లల్లో ఒకడు అన్నం మీద ఆశ పుట్టినప్పుడల్లా కడుపునొప్పి అని పడుకునేవాడు. వాడి నాటకం అందరికీ తెలుసు, అయినా వాళ్ళమ్మ గుప్పెడు బియ్యం ఉడకేసేది.

పండిన జొన్నను మా వైపు పాతరలో పోసేవారు. పాతరంటే ఇంటి ముందు వీధిలోనే భూమిలో తవ్విన గొయ్యి. మూతి దగ్గర మనిషి పట్టేంత ఇరుకు, లోపల మాత్రం రెండు నిలువుల లోతు, కుండ కడుపంత వెడల్పు. అడుగున, గోడలకు జొన్నచొప్ప, వేపాకు దట్టంగా పరిచి, గింజ నింపి, పైన బండ వేసి మట్టి కప్పేవారు. ఆ మట్టి మీద బండ్లు తిరిగేవి, కోళ్ళు గీరేవి, పిల్లలం ఆడుకునేవాళ్ళం. రెండేళ్ళైనా మూడేళ్ళైనా గింజ చెక్కు చెదరదు. పాతర నుంచి తీసిన జొన్నకు ఒక రకమైన పుల్లటి వాసన ఉంటుంది. ఆ వాసన గిట్టనివాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆకలంటే ఆ వాసనే గుర్తొస్తుంది.

పాతరకు ఒక కట్టుబాటు ఉంది. మూత తీశారంటే మొత్తం ఖాళీ చేయాల్సిందే. గాలి తగిలిన గింజను మళ్ళీ మూసిపెడితే పాడైపోతుంది. తీసిన రోజు వెంటనే లోపలికి దిగకూడదు. లోపల విషపు గాలి ఉంటుంది, దిగినవాడు దిగినట్టే ఉండిపోతాడు. అందుకని పొద్దున్నే బండ జరిపి, మధ్యాహ్నం దాకా వదిలేసి, తాడు కట్టిన లాంతరును దించి చూసేవారు. దీపం ఆరకుండా ఉంటేనే మనిషి దిగేది. ఈ పనంతా మా అవ్వ, అంటే మా నాయన తల్లి, దగ్గరుండి చేయించేది. తాత పోయాక ఇంటికి పెద్ద మా నాయనే అయినా, పాతరకు పెద్ద అవ్వే.

ఆ పాతర మా ఒక్క ఇంటిది కాదు. మా మేనత్తను, అంటే నాయన చెల్లెల్ని, కోసిగి దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. అక్కడ రాతినేల, వాన పడితే కొర్రలు, పడకపోతే అవీ లేవు. వాన తప్పిన ఏడు అక్కడి జనం తలుపులకు తాళాలు వేసి, కుండా చట్టీ నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని సుగ్గికి పోయేవారు. పంట ఉన్న చోటికి కూలికి పోవడాన్నే మా వైపు సుగ్గి అంటారు. పెళ్ళి కుదిరిననాడే అవ్వ ఒక మాట ఇచ్చిందట, తన పాతరలో గింజ ఉన్నన్నాళ్ళూ తన కూతురి ఇంటికి తాళం పడదని. ఆ మాట ప్రకారం కరువొచ్చిన ఏడు వేసవిలో మేనత్త బండి మా ఇంటి ముందు ఆగేది, నిండి తిరిగి వెళ్ళేది.

మేనత్తది పౌరుషం. ఊరికే తీసుకుపోవడం ఆమెకు నామోషీ. అందుకని ఏటా జొన్నకోతలకు వచ్చి, కొడవలి పట్టి, మా అమ్మ పక్కన సాలు పట్టి కోసేది. జొన్నకోతంటే ఇంటి ఆడవాళ్ళు, కూలి ఆడవాళ్ళు కలిసి దిగేదే, ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఆడబిడ్డ పుట్టింటి చేను కోయడంలో చిన్నతనమేమీ ఉండేది కాదు. ఎవరైనా పాతర మాట ఎత్తితే మేనత్త నవ్వి, నేను కోసిందే నేను తింటాండాలే అనేది.

అప్పుడు తుంగభద్ర కాలువ వచ్చింది. యాభైల చివరి సంవత్సరాలు. నేను పద్నాలుగేళ్ళ పిల్లను. మా ఊరి ఎగువన మట్టి తవ్వుతున్నన్ని రోజులూ నమ్మనివాళ్ళే ఎక్కువ. నీళ్ళు వచ్చిననాడు మాత్రం ఊరు ఊరంతా కాలువ గట్టు మీదే ఉంది. ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లారు. మా అవ్వ ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన రవికెగుడ్డ ఒకటి నీళ్ళలో వదిలింది. మా నాయన మొలలోతు నీళ్ళలో దిగి చిన్నపిల్లవాడిలా మునకలు వేయడం నేను చూశాను. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన అంత సంతోషంగా ఉండగా చూసిన గుర్తు లేదు. కాలువను తిట్టడానికి నేనిది రాయడం లేదని మీకు తెలియాలనే ఆ మాట చెప్పాను.

మరుసటి ఏడు మా పల్లపు చేను మడి అయింది, ఆపై ఏడు మెరక చేను కూడా. నాట్లు వేయడం మాకు చేతకాదు. కోస్తా నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడు కూలి జట్టును వెంటబెట్టుకుని వచ్చి నాటించేవాడు. మా అమ్మ చీర ఎగగట్టి మడిలో దిగబోతే, రైతు ఇంటి ఆడవాళ్ళు గట్టు మీద ఉండాలని ఆ మేస్త్రీ మర్యాదగానే చెప్పాడు. అమ్మకు అది గౌరవంగానే తోచింది. ఇంట్లో రోజూ అన్నమే. నిజం ఒప్పుకుంటాను, అందరికన్నా ముందు రొట్టె వద్దన్నది నేనే. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు, రొట్టె తట్టిన చేతులకు పడే బొబ్బల్ని చూపించి అన్నం వండమని గోల చేసింది నేనే. అవ్వ మాత్రం ఒప్పుకునేది కాదు. "ఈ మెతుకులు తింటే తిన్నట్లే ఉండదు, ఉపాసమున్నట్లుంటాది" అని విసుక్కుంటూ, ఇంట్లో మిగిలిన కొద్ది జొన్నతో తన రొట్టె తానే తట్టుకునేది.

పాతర నిండుగానే ఉంది. కాలువ రాకముందు పోసిన గింజ అది. రెండేళ్ళుగా అందులో కొత్త గింజ పోయలేదు, ఇప్పుడు ఊళ్ళో ఎవరూ జొన్న వేయడం లేదు. ఒకసారి అవ్వ పాతర తీసి చూద్దామంది.

"తీస్తే కడదాకా తియ్యాల్సిందే గదమ్మా. అంత గింజ యాడ పోసేది? అవసరానికి తీస్తాంలే, ఉండనీ," అన్నాడు నాయన.

అవ్వ కూడా ఊరుకుంది. తరతరాలుగా పాతరకు ఉన్న భయాలు ఎలుక, చీమ, పైనుంచి పడే వాన. కింది నుంచి నీరు వస్తుందన్న ఊహ మా వాళ్ళలో ఎవరికీ లేదు. బావిలో నీళ్ళు కనబడాలంటే ఎంతో లోతుకు తొంగి చూడాల్సిన నేల అది.

ఇప్పుడొక మాట చెబుతాను, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో, వీధంతా కాళ్ళు కాలుతుంటే, పాతర మీది మట్టి ఒక్కచోటే చల్లగా ఉండేది. కడవతో నీళ్ళు తెస్తూ అక్కడ కాసేపు నిలబడి, రెండు కాళ్ళూ ఆనించి, ఆ చల్లదనం అనుభవించి మరీ ఇంట్లోకి పోయేదాన్ని. ఆ పక్కన పచ్చగా గరిక కూడా మొలిచింది. నాకు హాయిగా ఉంది కాబట్టి అది మంచిదే అనుకున్నాను. ఒక్క మాట అవ్వ చెవిన వేసి ఉంటే, ఆమెకు క్షణంలో అర్థమయ్యేది, సగమైనా దక్కేదేమో. అనలేదు.

ఆ ఏడే కోసిగి వైపు చుక్క వాన లేదు. వైశాఖంలో మేనత్త, మామ బండి కట్టుకుని వచ్చారు. ఎడ్లు డొక్కలు ఎండి ఉన్నాయి. ఇంట్లో పిల్లల్ని పొరుగువాళ్ళ దగ్గర వదిలి వచ్చామనీ, రెండు రోజులకు సరిపడా తిండే పెట్టి వచ్చామనీ మేనత్త మా అమ్మతో చెప్పడం విన్నాను. అవ్వ టెంకాయ కొట్టింది. నాయన, మామ కలిసి గడ్డపారలతో బండ జరిపారు.

బండ జరిగీ జరగక ముందే వాసన వచ్చింది. పాతర వాసన కాదు, రోజుల తరబడి పులిసి కుళ్ళిన కుడితి వాసన. లోపలి నుంచి వేడి ఆవిరి ముఖాన కొట్టింది. మధ్యాహ్నం లాంతరు దించితే దీపం ఆరిపోయింది. పొద్దు వాలేముందు దించితే మళ్ళీ ఆరిపోయింది. మరునాటి పొద్దున గానీ కూలిమనిషి దిగలేకపోయాడు. అతను తట్టతో పైకి పంపింది జొన్న కాదు, నల్లటి గడ్డలు. పైవాటికి తెల్లటి మొలకలు వచ్చి వాడిపోయి ఉన్నాయి. అడుగున మోకాటి లోతు నీళ్ళున్నాయని అతను అరిచి చెప్పాడు. మళ్ళలో పెట్టిన కాలువ నీళ్ళు భూమిలోకి ఇంకి, పాతర దాకా ఊరి వచ్చాయి. అవ్వ ఒక గడ్డను చేతిలో చిదిపి, వాసన చూసి, నాయన వైపు తిరిగి, "గింజ సచ్చిపోయిందిరా నాయనా," అంది.

మేనత్త మాత్రం ఒప్పుకోలేదు. కాస్త తెల్లగా ఉన్న గింజలు ఏరి, కడిగి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, తానే ఒక రొట్టె తట్టింది. మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. మింగలేకపోయింది. ఎవరి వైపూ చూడకుండా లేచి పెరట్లోకి పోయి ఉమ్మి వచ్చింది.

వీధిలో మిగిలిన పాతరలదీ అదే గతి. కరువు వల్ల ఆదోని అంగట్లో జొన్న దొరకడమే గగనంగా ఉంది. నాయన బియ్యం బస్తాలు తెచ్చి బండిలో వేయించబోయాడు. మేనత్త బండికి అడ్డం నిలబడింది.

"బియ్యం వద్దు, అన్నా. నా పిల్లోళ్ళు దీనికి మరిగినారంటే రేపు నేను యాడ తెచ్చిపెట్టేది? మాకు కాలవ రాలేదు గదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది. నాయన ఎంత బతిమాలినా, అవ్వ ఏడ్చినా, అమ్మ కొంగున కట్టిన ఒక్కపూట బియ్యం తప్ప తీసుకోలేదు. బండి ఖాళీగా కదిలింది. నేను తలుపు వెనక నిలబడ్డాను, నా కాళ్ళకు తగిలిన చల్లదనం గురించి చెప్పడానికి అప్పుడు కూడా ధైర్యం చాలలేదు.

నాట్ల కాలానికి కోసిగి జనం గుంపులుగా కాలువ కిందికి సుగ్గికి వచ్చారు. వాళ్ళలో మేనత్త, మామ, పిల్లలు ఉన్నారని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మా ఊరి బాట మీదుగానే పోయారట. మా మళ్ళలోనూ నాట్లు పడుతున్నాయి గానీ, అమ్మ గట్టు మీద నిలబడి చూస్తుంటే మేనత్త మడిలో వంగి కూలి చేయడం ఎలా కుదురుతుంది? జొన్నచేను అయితే ఇద్దరూ పక్కపక్కన సాళ్ళు పట్టేవారు. ఆ సంగతి అందరికన్నా ముందు ఆమెకే అర్థమైంది, అందుకే మా ఊరు దాటి వేరే ఊరి మళ్ళలో దిగింది. అవ్వ ఇచ్చిన మాట అలా పోయింది. పాతరను మట్టితో పూడ్చేశారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప మేనత్త మా గడప తొక్కలేదు.

ఆ తర్వాత మా నాయన ఎంత వరి పండించాడో! ధాన్యం లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయింది, ఏ ఊళ్ళలో ఎవరి కడుపులు నిండాయో మాకు తెలియదు, నిండాయి అంటే సంతోషమే. మాకూ కడుపునిండా ఉండింది. కానీ ఒకప్పుడు మా ఇంట్లో మబ్బు పట్టిందంటే అందరం బయటికొచ్చి ఏ దిక్కున కురుస్తోందో చూసేవాళ్ళం. పడమట మెరిస్తే కోసిగిలో వాన అని సంబరపడేవాళ్ళం. కాలువ వచ్చాక మా ఇంట్లో ఆకాశం వైపు చూడడం మానేశారు. ఒక్క అవ్వ మాత్రం, కళ్ళు కనబడని రోజుల్లో కూడా, ఉరుము వినబడితే మంచంలోంచే, "కోసిగి పక్క వానొచ్చిందేమో ఎవురన్నా సూడండప్పా," అని అడుగుతుండేది. మేము కూర్చున్నచోటి నుంచి లేవకుండానే వచ్చిందిలే అవ్వా అనేవాళ్ళం. నిన్న సాయంత్రం ఇక్కడ ఆదోనిలో పెద్ద ఉరుము ఉరిమింది. నేను మెల్లగా లేచి, గోడ పట్టుకుని, మేడ మీదికెక్కి కోసిగి వైపు చాలాసేపు చూశాను. అన్నీ ఇళ్ళే అడ్డం వచ్చాయి. మేనత్త ఊళ్ళో వాన పడిందో లేదో ఫోను చేసి అడుగుదామంటే, ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.