కుదుపు తెలియని టైర్లు

మొన్న మా మేనల్లుడు తన చిన్న ట్రక్కుకు టైర్లు మార్చాలని ఫోనులో బొమ్మలు చూపిస్తూ, ఇవి ఏ దారికైనా, ఏ కాలానికైనా పనికొస్తాయట, లోపల కూర్చున్నవాళ్లకు కుదుపే తెలియదట అని మురిసిపోయి, "మన పాత డ్రైవర్ తాత మాదిరి తాగి రేగడి బురదలో దింపితే ఏ టైరైతే ఏందిలే మామయ్యా" అని నవ్వాడు. నలభై ఏళ్లుగా మా ఇంట్లో కుళ్లుతున్న ఆ అబద్ధం వాడి నోట వినేసరికి నా మీద నాకే రోత పుట్టింది.

ఎనభైలలో నరసరావుపేటలో మా నాన్నకు ఒక చిన్న లారీ ఉండేది. మామూలు రోజుల్లో మిరపకాయల బస్తాలు మోసేది, ముహూర్తాల రోజుల్లో అదే లారీని కడిగి, జంపఖానా పరిచి, పెళ్లివాళ్లను ఎక్కించేవాళ్లం. దాన్ని నడిపేది మా వీధిలోని సాయెబుల ఇంటి మామ, టీ తప్ప మరేదీ ముట్టని మనిషి. వెనక టైర్లు అరిగిపోతే నాన్న మా ఇద్దరినీ కొట్టుకు పంపాడు. మామ లోతైన గట్లున్న టైర్లు చూపించాడు. అవి తారురోడ్డు మీద మోత పెడతాయి, నడుములు కదిలిస్తాయి. అప్పటికి నా పెళ్లి కుదిరి ఉంది, పెళ్లికూతురి వాళ్లను గురజాల నుంచి మా లారీలోనే తీసుకురావాలి. అందుకని నేను పరుపు కొనేవాడిలా బొటనవేలితో నొక్కి నొక్కి చూసి, సన్నగీతల టైర్లు ఏరాను.

"ఏంది అల్లుడూ, కుర్చీ కొంటన్నావా, టైరు కొంటన్నావా? రేగట్లో దిగితే ఇది దేన్ని పట్టుకుంటదిరా?"

"మా అత్తగారోళ్లు రేగట్లో ఊరేగరులే మామా!"

కొట్లోవాళ్లంతా నవ్వారు. మామ కూడా నవ్వి, నేను ఏరినవే లారీకి బిగించాడు.

పెళ్లికి ఇంకా రోజులుండగానే మబ్బు పట్టింది. క్రోసూరు వైపు కౌలుచేను పట్టి, మొదటిసారి మిరప వేసిన మా అక్క, ఈ మేనల్లుడి అమ్మే, కల్లంలో ఆరబోసిన కాయ తడవకముందే లారీ పంపమని కబురు పెట్టింది. మామా నేనూ వెళ్లి బస్తాలు ఎక్కించేసరికే జల్లు మొదలైంది. కల్లం దాటగానే వెనక చక్రాలు ఉన్నచోటే తిరగసాగాయి. మామ కందికట్టె తెచ్చి వాటి కింద వేశాడు, అక్క తన ఈతచాప కూడా వేసింది. ఆ టైర్లు మట్టిని పట్టుకోవడం మాని నున్నగా అలికాయి. కాసేపటికి కుండపోత వాన కురిసి, పైన కప్పిన పాత పట్టా చిరుగుల్లోంచి నీళ్లు బస్తాల్లోకి దిగాయి. నాలుగు రోజులకు ఎర్రటి కాయంతా బూజు పట్టి, తెల్లబడి, ఎవరూ కొనని తాలుకాయైంది. అక్క ఆ ఏడే చేను వదిలేసి కూలికి పోయింది.

నేల ఆరి లారీ బయటపడి ఇంటికి చేరాక నాన్న వాకిట్లోనే అరిచాడు.

"తాగి నడిపావా ఏందయ్యా, ఆడపిల్ల పంట నాశనం చేస్తివి!"

మామ ఒక్కసారి నా వైపు చూశాడు. టైర్లు ఏరింది నేనేనని చెబుతానేమోనని ఆగాడు. నేను పెళ్లికి కొన్న కొత్త చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన తాళాలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ మా గడప తొక్కలేదు. పెళ్లిలో మా మామగారు లారీ కారులా వచ్చిందని మెచ్చుకుంటే నేను సిగ్గు లేకుండా నవ్వాను.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. వాడు ఫోను పక్కన పెట్టి, "అమ్మకు తెలుసా?" అని మాత్రం అడిగాడు. తెలియదు. రేపు వెళ్లి చెప్పాలి. వినాల్సిన మామ మాత్రం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ చేను దాకా సిమెంటు రోడ్డు పడింది, ఏ టైరు వేసుకున్నా బండి సాఫీగా పోతుంది. మా ఇంటి మాటల్లో మాత్రం ఆ లారీ ఇంకా ఆ రేగట్లోనే తిరుగుతోంది, తాగని ఆ మనిషిని తాగుబోతుగా కూర్చోబెట్టుకుని.