సేటుకు తగ్గని జబ్బు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదు. లేదని నా నమ్మకం. ఇరవై రెండేళ్ల వయసులో రాయికోడ్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, జహీరాబాద్‌లో ఒక ఎరువులు, పురుగుమందుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చున్నవాణ్ణి. మొగుడంపల్లి వైపు నుంచి రైతులు అల్లం మొక్కో ఆలుగడ్డ ఆకో కవర్లో పెట్టుకొని వచ్చేవారు. నేను దాన్ని వెలుతురుకు పట్టి, ఒకసారి ముందూ ఒకసారి వెనకా తిప్పి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా అరలోంచి డబ్బా తీసి ఇచ్చేవాణ్ణి. మా నాన్న వయసు వాళ్లు కూడా నా ముందు చేతులు కట్టుకొని నిలబడేవారు. (డబ్బా మీద రాసింది చదవడం తప్ప నేను చేసే వైద్యం ఏమీ లేదని వాళ్లకు తెలియదు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ తెలియదు.) వీధిలో నా పేరు ఎవరికీ అక్కర్లేదు, మందుల పిల్లగాడు అంటే చాలు.

నేను అద్దెకున్న గది ఒక టీచరమ్మ ఇంట్లోది. ఆమెకు బడి, చర్చి, కూతురు తప్ప వేరే లోకం లేదు. కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి నర్సింగు చదివేది. చదువు పూర్తి కాకముందే వీధి మొత్తం ఆమెను సిస్టరమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. ఎంత ప్రయత్నించినా ఆ పిలుపు నా నోట రాలేదు. ఆమె కూడా వీధిలో నా ఈడు వాళ్లందరినీ వరసపెట్టి అన్నా అనేది గానీ, నన్ను మాత్రం ఏమనీ పిలవకుండా నేరుగా మాటలోకి దిగేది. ఈ ఒక్క ఆధారం పట్టుకొని నేను కట్టిన మేడలు ఇన్నీ అన్నీ కావు.

వాళ్ల ముందుగదిలో ఒక గాజు తొట్టి, అందులో ఒకే ఒక్క గోల్డ్ ఫిష్ ఉండేది. పొట్ట ముందుకు వేసుకొని, ఎవరి గొడవా తనకు పట్టనట్టు తిరిగేది కాబట్టి దాని పేరు సేటు. సెలవులు అయిపోయి హాస్టలుకు వెళ్తూ ఆమె మేత డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మకు చేపను ముట్టాలంటే భయం. నీకు మందులు తెలుసు కద, జర చూసుకో" అంది. ఇంకేం కావాలి? ఆ డబ్బాను నేను గదిలో దేవుడి పటం పక్కన పెట్టుకున్నాను.

ఉన్నదాన్ని ఉన్నట్టు చూసుకుంటే నాలాంటి తెలివైనవాడి గొప్పేముంది? మళ్లీ సెలవులకు ఆమె వచ్చేసరికి తొట్టిని అందంగా చేద్దామని, చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన దొరికిన బొక్కల ఎర్రరాయి ఒకటి తెచ్చి, కడిగి, తొట్టిలో వేశాను. సేటుకు ఆ బొక్కలు నచ్చాయి. తన పొట్ట కొలత తనకు తెలియక ఒకదాంట్లో దూరి ఇరుక్కుంది, గింజుకొని బయటపడింది. పొద్దున లేచి చూస్తే ఒక పక్క పొలుసులు ఊడి ఎర్రగా కనిపిస్తోంది, తోక చిరిగి వేలాడుతోంది. రాయి తీసి పారేశాను, కానీ రెండు రోజులకు చిరిగిన చోట తెల్లగా కుళ్లు మొదలైంది. చేప పోతే పోయేది చేప ఒక్కటే కాదని నాకు తెలుసు. ఆమె నన్ను నమ్మి ఇచ్చింది అదొక్కటే.

దుకాణం యజమానిని నేను మామా అని పిలిచేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా అల్లం రైతులను చూసిన మనిషి. నేను చెప్పింది కళ్లు మూసుకొని విని, ఇది దుంపకుళ్లేనని తేల్చేశాడు. కుళ్లినంత మేర కోసేసి, మందునీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టమన్నాడు. అది చేప మామా అన్నాను. "చేపైతేంది, దుంపైతేంది. కుళ్లు కుళ్లే కద" అన్నాడు. అంత అనుభవానికి నేనేం ఎదురు చెప్పగలను? కోసే సంగతీ ఆరబెట్టే సంగతీ వదిలేసి (ఆపాటి తెలివి ఉన్నందుకు ఇప్పటికీ గర్వపడతాను), విత్తనపు అల్లానికి పట్టించే నీలం పొడి చెంచాలో తీసుకొని తొట్టి ముందు నిలబడ్డాను. అప్పుడే ఫోను మోగింది. టీచరమ్మ చర్చిలో ఉండి ఎత్తలేదట, కూతురు నాకు చేసింది. సేటు ఎలా ఉన్నాడని అడిగింది. రాయి సంగతి మొదలుకొని అంతా చెప్పేశాను.

"ఇప్పుడు చేతిల ఏమున్నది?"

"మందు."

"ఏం మందు?"

"అల్లం మందు."

ఆమె చాలా నెమ్మదిగా, "ఆ చెంచా కింద పెట్టు. పెట్టినవా? ఇగ ఆ మందు డబ్బా బయట పెట్టి, చేతులు సబ్బుతోటి కడుక్కొని రా. నేను లైన్ల ఉంట" అంది.

వైద్యం ఆ సాయంత్రమే మొదలైంది. టీచరమ్మ బట్టలు నానబెట్టే టబ్బును పదిసార్లు కడిగి, దాన్ని సేటుకు ప్రత్యేక వార్డు చేశాను. ఒకరోజు ముందే పట్టి ఉంచిన నీళ్లు పోయాలి, దొడ్డుప్పు కొలిచి కరిగించి కలపాలి, రోజూ కొన్ని నీళ్లు తీసి కొత్తవి పోయాలి, మేత తగ్గించాలి. పైగా చార్టు రాయాలి. ఒక నోటుబుక్కులో తేదీ వేసి, పేషెంటు ఏం తిన్నాడు, ఎంతసేపు కదిలాడు, పుండు రంగు ఎలా ఉంది అన్నీ రాసి, సాయంత్రం ఏడింటికి ఆమె ఫోను చేయగానే మెట్ల మీద కూర్చొని చదివి వినిపించాలి. టీచరమ్మ కూడా బడికి వెళ్లే ముందు టబ్బు దగ్గర నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసేది. ఫొటో పంపమని కూతురు ఒకసారి అడిగింది గానీ, నా ఫోను కెమెరా ఎప్పుడో పగిలిపోయింది.

మొదటి రెండు మూడు రోజులు ఫోను సంభాషణ అంతా చేప గురించే. తర్వాత చేప గురించి సగం. ఆపైన ఆమె వార్డులో పెద్ద నర్సు కోపం, హాస్టలు పప్పులో నీళ్లు, మా ఊళ్లో మా అమ్మ మోకాళ్ల నొప్పి. ఫోను పెట్టేసే ముందు "నువ్వు తిన్నవా?" అని అడిగేది. తినకపోయినా తిన్నానని చెప్పేవాణ్ణి. తిన్న రోజున ఇంకోసారి తినాలనిపించేది.

ఇలా ఉండగా సేటు నాకు ద్రోహం చేసింది. పదో రోజుకు పుండు మూసుకుంది, తోకకు కొత్త అంచు పుట్టింది. దాన్ని తిరిగి తొట్టిలో వదిలితే మునుపటిలాగే పొట్ట వేసుకొని తిరగసాగింది. ఏడింటికి ఫోను మోగింది. నేను చార్టు తెరిచాను, నోరు తెరిచాను, ఆ నోట్లోంచి వచ్చిన మాట: "ఇంకా జర డల్లుగనే ఉన్నడు."

ఇక అక్కణ్ణుంచి నా ప్రతిభ చూడాలి. ఒకరోజు మేత ముట్టలేదన్నాను. ఒకరోజు ఒక పక్కకు ఒరుగుతున్నాడన్నాను. మరునాడు కొంచెం తేరుకున్నాడని, ఆ మరునాడు మళ్లీ మొదటికొచ్చాడని చెప్పాను. ఎదురుగా తొట్టిలో ఆ దున్నపోతు గింజలకోసం గాజును మూతితో పొడుస్తుంటే, నేను మెట్ల మీద కూర్చొని దాని ఆరోగ్యం గురించి నిట్టూర్చేవాణ్ణి. ఆమె అన్నీ శ్రద్ధగా విని సలహాలు చెప్పేది. అబద్ధమాడుతున్నానని మనసు పీకేది, కానీ ఏడు అవుతుంటే ఆ పీకుడు ఎటు పోయేదో పోయేది. ఇలా పన్నెండు రోజులు నడిచింది.

పన్నెండో రోజు ఆమె, "ఇన్ని దినాలైనా తగ్గుతలేదంటే నేనే వచ్చి చూస్త. ఆదివారం సెలవు పెట్టి వస్త. రానా?" అంది.

ఆమె వస్తుందన్న సంతోషం క్షణమో రెండు క్షణాలో. వెంటనే తొట్టిలో నున్నగా మెరుస్తున్న సేటు కనిపించింది. ఇది చూసి ఆమె నా ముఖం చూస్తే? "వద్దు వద్దు, వచ్చుడెందుకు. ఇప్పుడే చూసిన, ఒక్కసారిగ లేచి మస్తు తిరుగుతున్నడు. పూరా నయమైంది" అన్నాను. ఆమె, "మంచిదే. అయితే ఇగ ఫికరు లేదు" అని పెట్టేసింది. మరునాడు ఏడింటికి ఫోను మోగలేదు. ఆ మరునాడూ మోగలేదు. నేనైనా చేయవచ్చు కదా అని మీరంటారు. ఏమని చేయను? చేప బాగుంది. చెప్పుకోవడానికి ఇంకో జబ్బు లేదు. కొన్ని నెలలకు నాకు వేరే ఊళ్లో పని దొరికితే, చార్టు నోటుబుక్కును తొట్టి పక్కనే వదిలేసి వెళ్లిపోయాను.

మొన్న ఆ వైపు పని పడి, చాలా ఏళ్ల తర్వాత టీచరమ్మను చూడ్డానికి వెళ్లాను. ఆమె రిటైరైంది. తొట్టి ఉండే చోట కుట్టుమిషను ఉంది. కూతురు పుణెలో పెద్ద నర్సట, ఇద్దరు పిల్లలట. నాకూ ఒక కూతురుందని చెప్పాను. చాయ్ తాగుతూ సేటు మాటొస్తే ఆమె నవ్వింది. "ఎంత పాణం పెట్టి చూసినవు బిడ్డా. నేను దినాం బడికి పోయే ముందు వీడియో తీసి పిల్లకు పంపుతుంటి, బెంగ పెట్టుకోవద్దని."

"రోజూ పంపిన్రా అమ్మా?"

"రోజూ. మల్ల ఎగురుకుంట తిరిగేదాంక."

టీచరమ్మ చేతిలోని ఫోను చర్చి వాక్యాలు పంపుకోవడానికే అనుకున్న మేధావిని నేను. చాయ్ గ్లాసు అలాగే పట్టుకొని కూర్చున్నాను. ఆ పన్నెండు రోజులూ సేటుకు నయమైందని కూతురికి తెలుసు. తెలిసే నా చార్టు విన్నది. తెలిసే, వస్త, రానా అని అడిగింది. ఆ నోటుబుక్కు ఎక్కడైనా ఉందా అని అడిగితే, కూతురు పెళ్లై పోయేటప్పుడు తన సామానులో తీసుకుపోయిందని టీచరమ్మ చెప్పింది.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. రైతులు ఆకులు తెస్తూనే ఉన్నారు, నేను తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను. ఒక్కోసారి ఆ మెట్ల మీద చెవికి ఫోను ఆనించి, తొట్టి వైపు భయంగా చూస్తున్న ఆ మందుల పిల్లగాడు గుర్తొస్తాడు. వెళ్లి వాడి నెత్తి మీద ఒక్కటిచ్చి చెప్పాలనిపిస్తుంది: ఒరేయ్, ఆదివారం దాకా ఆగు, సేటుకు ఇంకా తగ్గలేదని చెప్పు.