ముప్పై నాలుగు నంబరు తెల్ల బూట్లు

బొగూషాకి మనిషి మొహం గుర్తుండకపోయినా పాదం గుర్తుంటుంది. పోలండ్‌లో మా ఒపాతూఫ్ ఊరి బజారు మూలన ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెది చెప్పుల కొట్టు. పక్కనే జుట్టు కత్తిరించే దుకాణం నాది. నా దగ్గరికి ఇంకా మనుషులు వస్తున్నారంటే కారణం ఒకటే, జుట్టు ఫోన్లో కత్తిరించుకోలేరు.

బొగూషా కొట్టుకీ వస్తారు, రాకేం! దర్జాగా బెంచీ మీద కూర్చుంటారు, నాలుగు జతలు తొడిగించుకుంటారు, లోపలి నంబరుకి ఫోటో తీసుకుంటారు, "ఆలోచించుకుని వస్తాం" అని చక్కా పోతారు. మూడో రోజుకి అవే బూట్లు ఎక్కడి గోదాము నుంచో పార్సిల్లో దిగుతాయి. ఎక్కడ దిగుతాయనుకున్నారు? బొగూషా కొట్లోనే. రెండేళ్ళ కిందట పార్సిళ్ళ కంపెనీవాడొకడు వచ్చి, "మీ కొట్లో పార్సిళ్ళు ఉంచండి మేడమ్, తీసుకోడానికి వచ్చినవాళ్ళు మీ సరుకూ చూస్తారు" అన్నాడు. పిచ్చిది, నమ్మింది. ఒక్కరు అరల వైపు తల తిప్పితే ఒట్టు.

ఈ ఏడు ఆమె ఆశంతా మే నెల మీదే పెట్టుకుంది. మేలో చర్చిలో పిల్లల తొలి సత్ప్రసాదం, పిల్లలు మొట్టమొదటిసారి ప్రభువు ప్రసాదం అందుకునే పండగ. తొమ్మిదేళ్ళ ఆడపిల్లలంతా తెల్ల గౌను, నెత్తిన పూలచుట్టు, కాళ్ళకి తెల్ల బూట్లతో రావాలి. ఫిబ్రవరిలోనే ముప్పై జతలు తెప్పించింది.

"ఇవి పోతే కొట్టుంటుంది జీతా. పోకపోతే జూన్‌లో తాళమే," అంది నాతో.

ఏప్రిల్ సగమయ్యేసరికి రెండంటే రెండు జతలు పోయాయి. అప్పుడొచ్చింది దగ్మారా, బడిలో గుమాస్తా, కూతురు లిద్కాని వెంటబెట్టుకుని. నేను అక్కడే టీ తాగుతున్నాను.

"మా పాపది ముప్పై మూడు నంబరండీ," అంది.

"ఈ రకం ముందు భాగం ఇరుకమ్మా. ముప్పై నాలుగే వెయ్యాలి," అంటూ బొగూషా అరగంట సేపు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో పిల్ల పాదమంతా తడిమి చూసి తొడిగింది. లిద్కా కొట్టంతా గంతులేసింది. తల్లి ఫోటో తీసుకుంది.

"ఆలోచించుకుని వస్తామండీ."

నాకు ఒళ్ళు మండింది. "ఏం ఆలోచిస్తుందట? ఇల్లు కొంటోందా?" అన్నాను ఆమె గడప దాటకముందే. బొగూషా నా చెయ్యి గిల్లింది.

మా మేనకోడలు కింగా ఆ వారమే పూనుకుంది. "జనమంతా ఫోన్లో ఉంటే మీరిద్దరూ కొట్లో కూర్చుని ఏడిస్తే ఏం లాభం అత్తా?" అని ఆ బూట్లకి ఫోటోలు తీసి, తన పేరు మీద, కాస్త ధర తగ్గించి ఇంటర్నెట్లో పెట్టింది. మూడో రోజే మొదటి ఆర్డరు వచ్చింది. చూస్తే దగ్మారా! నేను పగలబడి నవ్వాను. బొగూషా నవ్వలేదు.

"ముప్పై మూడు అడిగింది. అవి వేస్తే పిల్ల నడవలేదు."

"నడవకపోతే మానె. అడిగింది పంపి ఊరుకో."

"తెలిసి తెలిసి ఎలా పంపనే?"

ముప్పై నాలుగే పెట్టింది. పోనీ చీటీ రాయి అన్నాను. రాస్తే సరుకు తనదని తెలిసిపోతుందట, తలవంపులట. ఈ రోషం ఏ పొయ్యిలో పెట్టుకోవడానికని తిట్టాను. వినలేదు.

ఆ పార్సిలు వార్సా దాకా వెళ్ళి, నాలుగో రోజు మళ్ళీ ఆమె బల్ల మీదికే వచ్చింది. దగ్మారా నిలబడే అట్టపెట్టె చింపింది.

"చూశారా! ముప్పై మూడు అడిగితే ముప్పై నాలుగు తగలేశారు. దొంగ మొహాలు!"

"ఒక్కసారి పాపకి తొడిగి చూడకూడదూ?" అంది బొగూషా.

"మీ దగ్గర కొనలేదని మీ బాధ మీది. వాపసు పంపేయండి."

బొగూషా వాపసు చీటీ తన చేత్తోనే అంటించింది. గుమ్మంలో నిలబడ్డ నేను అసలు సంగతి చెప్పబోతే, ఆమె కళ్ళతోనే వద్దంది. ఆ రోజు నోరు మూసుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

సాయంత్రానికల్లా ఇంటర్నెట్లో కింగా పేరు కింద అయిదు చుక్కలకి ఒకే ఒక్క చుక్క రేటింగు పడింది. "అడిగేదొకటి, పంపేదొకటి. మోసం. ఎవరూ కొనకండి." మొదటి బేరానికే అంత మాట పడ్డాక ఇంకెవరు కొంటారు? ఎవరూ కొనలేదు. దగ్మారా మరెక్కడో ముప్పై మూడు తెప్పించుకుంది.

మే రెండో ఆదివారం చర్చి ముందు ఊరంతా చేరింది. పిల్లలు వరసలో వస్తుంటే అందరూ పూలచుట్లు చూస్తున్నారు, బొగూషా కాళ్ళు చూస్తోంది. లిద్కా కుంటుతోంది. తల్లి ఫోను పట్టుకుని, "నవ్వవే, ఇటు చూసి నవ్వు!" అని అరుస్తోంది.

"మడమ ఒరుసుకుపోయింది దానికి," అంది బొగూషా. కళ్ళ నిండా నీళ్ళు. "ప్లాస్టరుందా నీ సంచిలో?"

ఇచ్చాను. పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఆ పిల్ల ముందు కూర్చుని బూటు విప్పింది. తెల్ల మేజోడుకి నెత్తురంటింది. మెల్లగా తుడిచి ప్లాస్టరు వేసింది.

"థాంక్సండీ బొగూషా గారూ," అంది దగ్మారా. "ఈ ఇంటర్నెట్టోళ్ళని నమ్మకూడదండీ. వచ్చే ఏడు మా చిన్నదానికి మీ కొట్లోనే కొంటాను."

"అలాగేనమ్మా," అంది బొగూషా.

కొట్టు ఖాళీ చేస్తానని యజమానికి ఆమె అంతకుముందు శుక్రవారమే చెప్పేసింది.