డొప్ప కింద గింజలు

నేను సాలూరు మేస్త్రీని, పేరు సన్యాసిరావు. డుంబ్రిగుడ చుట్టుపక్కల కొండల్లో ప్రభుత్వం ఇచ్చే ఇళ్లు కడుతూ కడుతూ జుట్టు నెరిసిపోయింది. కోపిష్టినని పేరుంది, అది అబద్ధమేం కాదు. ఇటుక తడపకుండా అందిస్తే అరుస్తాను, మధ్యాహ్నం అన్నం ఆలస్యమైతే ఇంకా అరుస్తాను. కానీ కొండమీద ఎవరి ఇంటికైనా సరే, వాళ్లు గింజలు చూసుకున్నాకే గునపం పడతాను.

అది ఇక్కడివాళ్ల పద్ధతి. ఇల్లు కట్టబోయే జాగాలో కాస్త నేల అలుకుతారు. ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ల పేర్లు చెప్పుకుంటూ ఒక్కొక్కరికి ఒక్కొక్క బియ్యపు గింజ, ఒకదానికొకటి ఆనించి పెడతారు. పైన ఆకు డొప్ప బోర్లించి, దానిమీద రాయి ఉంచుతారు. తెల్లారి తీస్తే గింజలు అలాగే ఆనుకుని ఉండాలి. విడిపోతే ఆ మనుషులు ఆ జాగాలో కలిసి ఉండరని అర్థం. కొత్తలో నవ్వుకునేవాణ్ణి. ఆ ఇంట్లో పడుకునేది నేనా ఏమిటి, ఎవరి భయం వాళ్లది అని తర్వాత ఊరుకున్నాను.

కనక నాకు ముందు సంతలో తెలుసు. రాజ్మా పిక్కలు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు, చింతపండు తెచ్చి అమ్ముకునేది. ఆమెతో బేరమాడి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. ఒక్క పైసా తగ్గించదు, కసురుతుంది, తీరా మనం సంచీ ఎత్తుకుని లేచాక వెనక్కి పిలిచి ఒక గుప్పెడు ఊరికే పోస్తుంది. మొగుడు చిన్నతనంలోనే పోయాడు. కాఫీ తోటల్లో పళ్లు ఏరే కూలికి వెళ్లి ఒక్కగానొక్క కొడుకు ధర్మని పెంచుకుంది. చిట్టి అనే పిల్లని కోడలిగా తెచ్చుకుని వాడికి పెళ్లి చేసింది. సిమెంటు ఇల్లు కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆ ధర్మే. తిరిగి తిరిగి, ఇల్లు రాకముందే జ్వరమొచ్చి పోయాడు.

ఇల్లు తర్వాత కనక పేరున వచ్చింది. సరిగ్గా ఆ వానాకాలమే పాత మట్టి గోడ కూలిపోయింది. అత్తాకోడళ్లిద్దరూ టార్పాలిన్ పట్టా కప్పిన పాకలో కాపురం పెట్టారు. చలికాలం దిగితే ఆ పాకలో మనుషులు ఉండలేరు. అందుకే పిలిచీ పిలవగానే వెళ్లాను.

నేను వెళ్లేసరికి కనక జాగా దగ్గర కూర్చుని ఉంది. మొహం వాడిపోయి ఉంది.

"ఈ జాగా వద్దు మేస్త్రీ. గింజలు ఇడిపోనాయి. ఆ పైకెల్లి కడదాం."

గ్రామ సచివాలయం ఇంజనీరు ఉమామహేశ్వరి అప్పుడే స్కూటీ దిగి వస్తోంది. ఆ మాట విని తల పట్టుకుంది.

"అమ్మా, ఈ జాగానే ఫోన్లో ఫొటో తీసి పంపేశాం. పునాది ఫొటో కూడా ఇక్కడే తియ్యాలి. పది గజాలు జరిగినా ఫోను ఒప్పుకోదు. జాగా మార్చమని రాస్తే మళ్లీ మొదటికొస్తుంది. శనివారానికి పునాది కనపడకపోతే ఇల్లు రద్దు చేస్తామని పైనుంచి చెప్పేశారు."

"రద్దయితే అవనీ తల్లీ. ఇడిపోయే ఇంట్లో నానుండను."

ఆ అమ్మాయి ఎంతో ఓపికగా చెప్పి చూసింది. కనక వినలేదు. చివరికి, "మీరైనా చెప్పండి మేస్త్రీ గారూ" అని నా వైపు బతిమాలుతున్నట్టు చూసి, పక్క ఊరికి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఈ ఇంటికోసం ఒకడు ప్రాణం ఉన్నంతకాలం తిరిగాడు. నాలుగు రోజుల్లో అది గాలికి పోబోతోంది. అరుద్దామని నోరు తెరిచి, ఎందుకో ఆమె మొహం చూసి ఆగిపోయాను.

"ఎవులెవుల పేరు సెప్పి ఎట్టినావు గింజలు?" అన్నాను.

"నాదీ, ధర్మదీ" అంది.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను, పోయినవాళ్ల పేరున ఎవరూ గింజ పెట్టరు.

"పోయినోడి గింజ ఎలాగ నిలుస్తాదమ్మా. సిట్టి పేరు కదా ఎట్టాల."

"దాని గింజ ఎట్టలేను బాబూ." గొంతు తగ్గించింది. "సింతపల్లి పక్క జీపు తోలుతాడే రవిబాబు, ఆడు దాన్ని మనువాడతానని అడుగుతున్నాడు. మంచోడే. ఆడగుంట సిన్నది, ఎల్లాల. నాను ఆపను. కానీ దాని గింజ నా కళ్ల ముందర పక్కకి జరిగిపోతే సూడలేను. ధర్మ ఎలాగూ పోయినోడు. ఆడి గింజ జరిగితే నాకు కొత్తగా పోయేదేటి లేదనుకున్నాను. అదీ సూడలేకపోనాను."

పాక వెనక కట్టెలు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది. చిట్టి కత్తి పట్టుకునే వచ్చింది. అంతా విన్నట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎల్తావా, ఉంటావా అని నన్నడిగినావా అత్తా?"

"అడిగితే నాకోసం ఉంటానంటావు. అందుకే అడగలేదు."

"రవిబాబుకి నాను సెప్పేసినాను. మా అత్త ఉన్న ఇంటికొస్తే రా, లేకపోతే నీ జీపు నువ్వు తోలుకో అన్నాను."

"ఆడేటన్నాడు?"

"ఆలోసిస్తానన్నాడు."

కనక నవ్వలేదు, నమ్మనూ లేదు. "ఆడు ఆలోసించినాక నీ మనసెలాగుంటాదో" అని గొణిగింది. చిట్టి ఇక వాదించలేదు. ఆ సాయంత్రం తనే నేల అలికింది. తన పేరూ అత్త పేరూ నాకు వినపడేంత గట్టిగా చెప్పి రెండు గింజలు ఆనించి పెట్టింది. కనక పాకలోంచి బయటికి రాలేదు.

నేను బడి వరండాలో పడుకున్నాను. నిద్ర పట్టలేదంటే నా కూలీలు నవ్వుతారు, కానీ పట్టలేదు. తెల్లవారుతుండగా లేచి, మంచులో తడుస్తూ ఆ జాగా దగ్గరికి నడిచాను. చిట్టి నాకన్నా ముందే వచ్చి గొంతుక్కూర్చుని ఉంది. డొప్ప తీసి పక్కన పెట్టి ఉంది.

ఒక గింజ పక్కకి జరిగిపోయింది. చీమ లాగిందో, పురుగు తోసిందో, రెండింటి మధ్యా వేలెడు ఎడం ఉంది.

చిట్టి నన్ను చూసింది. కంగారు పడలేదు. వేలితో ఆ గింజని మెల్లగా తోసుకుంటూ తెచ్చి రెండోదానికి ఆనించింది. డొప్ప బోర్లించి, రాయి పెట్టి, నా పక్కకొచ్చి నిలబడింది. నాకు కూతుళ్లు లేరు. ఉంటే ఇలాంటిది ఒకర్తి ఉంటే చాలనిపించింది.

కాసేపటికి కనక దుప్పటి కప్పుకుని వచ్చింది. రాయి తీసింది గాని డొప్ప మీద చెయ్యి వెయ్యలేకపోయింది.

"నువ్వు తియ్యి మేస్త్రీ."

తీశాను. గింజలు ఆనుకునే ఉన్నాయి. కానీ మంచుకి మెత్తబడిన అలుకు మీద, గింజ జరిగిన మేరా వేలి గీత స్పష్టంగా పడి ఉంది. అయిపోయింది, ఇక ఇల్లు లేదు అనుకున్నాను.

కనక ఆ గీతని చూస్తూ ఉండిపోయింది. తర్వాత తలెత్తి కోడల్ని చూసింది. చిట్టి చెయ్యి వెనక్కి దాచుకుంది. కనక లేచి ఆ చెయ్యి పట్టుకుని ముందుకు లాగి, వేలికంటిన మట్టిని తన చీర చెంగుతో తుడిచింది. ఒక్కసారి తుడిస్తే పోయే మట్టే అది. ఆమె తుడుస్తూనే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"జరిగిపోనాదా?" అంది.

"జరిగిపోనాది అత్తా."

"నువ్వు ఎనక్కి తెచ్చినావు."

చిట్టి తల ఊపింది.

"మరింకేటి కావాల నాకు" అని కోడల్ని దగ్గరికి తీసుకుని, ఆ పిల్ల భుజం మీదుగా నన్ను కసిరింది. "ఏటలాగ నిలబడిపోనావు మేస్త్రీ. శనివారం నీకోసం ఆగుతాదా. బేగి గునపం తే."